మరచెంబుల మార్తమ్మ టీచరు గారు

ఆ ఉదయం తాడేపల్లిగూడెంలో మా వాకిట ముగ్గు పెట్టి లోపలికి వస్తుండగా ఫోను మోగింది. ఏలూరు నుంచి ప్రసన్న. మార్తమ్మ గారి చెల్లెలి కూతురు. ఈ చివరి కాలంలో ఆవిడకు కన్నకూతురై సేవ చేసిన పిల్ల. "పిన్నిగారూ..." అంది. అంతలోనే ఏడ్చేసింది. ఏమైందని నేను అడగనక్కరలేకపోయింది. ఆ చివర తను, ఈ చివర నేను, ఒకరి ఏడుపు ఒకరం వింటూ నిలబడిపోయాము. ఆ కబురు రాబోతోందని నాకు తెలుసు. వైద్యులు చెప్పారు, ఆవిడే చెప్పారు, నా మనసూ చెబుతూనే ఉంది. అయినా చెవిని పడేసరికి గుండె దాన్ని నమ్మడానికి ఒప్పుకోలేదు. చేతికంటిన ముగ్గుపిండి కడుక్కోవాలన్న స్పృహ కూడా లేక, అరుగు మీద అలాగే కూర్చుండిపోయాను.

పెదపాడు మండలంలో మేమిద్దరం పనిచేసిన ఉన్నత పాఠశాలలో చదువుకున్నవారికి మార్తమ్మ టీచరు గారిని నేను పరిచయం చేయనక్కరలేదు. తెలియనివారి కోసం చెబుతున్నాను. ఆవిడ సాంఘికశాస్త్రోపాధ్యాయిని, నేను తెలుగు పండితురాలిని. ఉపాధ్యాయుల గదిలో పక్కపక్క కుర్చీలలో మా యౌవనం గడిచింది, మధ్యవయస్సు గడిచింది, తలలు నెరిశాయి. పొట్టి మనిషి. గంజిపెట్టిన నూలు చీర, దళసరి కళ్ళద్దాలు, భుజాన ఒక గుడ్డసంచీ. ఆ సంచీ ఎప్పుడూ గలగలమంటూ ఉండేది. అందులో పుస్తకాలతోపాటు ఏదో ఒక ఇత్తడి చెంబో, రాగి ముంతో, మూతిపగిలిన గాజు సీసాయో తప్పనిసరిగా ఉండేది. పాతకాలపు నీటి పాత్రలు సేకరించడం ఆవిడ జీవితవ్రతం. కూజాలు, గిండిచెంబులు, తోలుతిత్తులు, పసిపిల్లలకు పాలుపట్టే ఉగ్గుగిన్నెలు, లోపల గోలీ ఉండే పాత సోడాసీసాలు, ఎవరో సైనికుడు యుద్ధం నుంచి తిరిగి తెచ్చుకున్న నీళ్ళ డబ్బా, అన్నీ ఆవిడ ఇంట్లో ఉండేవి. అన్నింటికంటే ప్రీతి మాత్రం మరచెంబులంటే. మూతకు మరలుండి, ఎంత కుదిపినా చుక్క తొణకని ఆ ఇత్తడి చెంబును పూర్వం ప్రయాణాలలో చేత వేలాడదీసుకుని వెళ్ళేవారు. నేటి పిల్లలు దాన్ని చూసి ఉండరు. అందుకే ఊళ్ళో అందరూ ఆవిడను "మరచెంబుల టీచరు గారు" అనేవారు. ఆవిడ ఆ పిలుపుకు మురిసిపోయేవారు.

ఎనిమిదో తరగతికి ఆవిడ చరిత్ర పాఠం చెబుతుంటే నేను పక్క గదిలో నా పద్యం ఆపి విన్న సందర్భాలున్నాయి. సంచీలోంచి ఒక పాత్ర తీసి మొదటి బల్ల పిల్ల చేతికిచ్చేవారు. అది చేతులు మారుతూ చివరి బల్ల దాకా వెళ్ళేది. "రాజుల పేర్లు తరవాత నేర్చుకుందురు గాని. ముందు వాళ్ళకీ మనలాగే దాహం వేసేదని తెలుసుకోండి," అనేవారు. "ఈ చెంబు పట్టుకున్న చెయ్యి ఎవరిదై ఉంటుంది? ఎండలో నడిచొచ్చిన మనిషిదా, నీడలో కూర్చున్న మనిషిదా?" పిల్లలు తలొక మాటా చెప్పేవారు. తప్పని ఎవరినీ అనేవారు కారు. గంట కొట్టినా ఆ గదిలోంచి పిల్లలు బయటికి వచ్చేవారు కారు.

ఆవిడ పుట్టింది కొల్లేటి అంచున ఒక లంక గ్రామంలో. తండ్రి ఆదివారం పూట క్రీస్తు గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి, తక్కిన రోజుల్లో కూలీ. తల్లి సంతోషమ్మ గారు ఊడ్పులకూ కోతలకూ వెళ్ళేవారు. మిట్టమధ్యాహ్నం దాహమేస్తే కామందు దొడ్డిగుమ్మం దగ్గర వంగి దోసిలి పట్టేవారట. పైనుంచి చెంబుతో నీళ్ళు పోసేవారు. చెంబు మాత్రం ఆవిడ చేతికి వచ్చేది కాదు. ఈ సంగతి మార్తమ్మ గారు నాకు చెప్పింది మా స్నేహం ముదిరిన చాలా ఏళ్ళకు. కోపం లేదు, నిష్ఠూరం లేదు. పరీక్ష పేపర్లు దిద్దుతూ, తల ఎత్తకుండానే అన్నారు: "మా అమ్మ దోసిట్లోంచి ఒక్క చుక్క కింద పడేది కాదండీ. నాకు అలా పట్టడం రాదు. ఎంత ప్రయత్నించినా మోచేతి దాకా కారిపోతాయి." నేను కలం కింద పెట్టేశాను. ఆవిడ మాత్రం తరువాతి పేపరు తీసుకున్నారు.

ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో తల్లికి ఒక కొత్త మరచెంబు కొని, దాని మీద చుక్కలతో ఆ తల్లి పేరు కొట్టించి ఇచ్చారు. సంతోషమ్మ గారు దాన్ని చింతపండుతో తోమి తోమి బంగారంలా ఉంచుకునేవారు. ప్రతి ఆదివారం నిండా నీళ్ళు పట్టుకుని గుడికి తీసుకువెళ్ళేవారు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ, "కాసిని మంచినీళ్ళు తాగండమ్మా" అని పిలిచేవారు. ఎవరికీ పైనుంచి పోసేవారు కారు. చెంబు తీసి వాళ్ళ చేతికే ఇచ్చేవారు. ఆవిడ పోయాక ఆ చెంబు కూతురి అల్మరాలోకి వచ్చింది. మార్తమ్మ గారి సేకరణలో అదే మొదటిది.

తాడేపల్లిగూడెంలో మా తమ్ముడిది స్టీలు సామాన్ల కొట్టు. మా నాన్నగారి కాలం నుంచి నడుస్తున్నది. పాత ఇత్తడి, రాగి సామాను తెచ్చి ఇచ్చి జనం కొత్త స్టీలు సామాను పట్టుకుపోయేవారు. ఆ పాత సామాను గోతాలలో నిండి కరిగించడానికి వెళ్ళిపోయేది. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి మార్తమ్మ గారు సెలవు దొరికితే చాలు రైలెక్కి మా కొట్టుకు వచ్చేవారు. గోతం నేలమీద బోర్లించి, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, చతికిలబడి ఒక్కొక్కటీ తీసి చూసేవారు. మా తమ్ముడు మొదట్లో నవ్వేవాడు. "టీచరు గారూ, ఆ సొట్టల చెంబు ఏం చేసుకుంటారండీ? పక్కన వెండిపూత కూజా ఉంది, అది తీసుకోండి" అన్నాడొకసారి. "నేను వెండి చూడనండీ, ఎవరు తాగారో చూస్తాను," అన్నారావిడ. ఒక ఇత్తడి గ్లాసు వాడి కళ్ళముందు పెట్టారు. "ఇదిగో, ఈ అంచు చూడండి. సన్నటి నొక్కులున్నాయి. పళ్ళు వస్తున్న పిల్లెవరో కరుచుకుని తాగిన గ్లాసండీ ఇది. దీన్ని కరిగించేస్తామా?" మా తమ్ముడు ఆ గ్లాసు తీసుకుని అంచును వేలితో తడిమి చూశాడు. అప్పటి నుంచి గోతం మూతి కట్టే ముందు, "మీ స్నేహితురాలు చూశారా అక్కయ్యా?" అని వాడే అడిగేవాడు. ఆవిడ పోయిన రోజున వాడు కొట్టు తెరవలేదు.

ఆవిడ హాస్యప్రియత్వం గురించి చెప్పకపోతే ఈ చిత్రం అసంపూర్ణమవుతుంది. ఏలూరులో పాత సామాన్ల కొట్టులో ఒకసారి ఆవిడకు ఒక విచిత్రమైన సీసా దొరికింది. వెండిపూత, తోలు తొడుగు, తుంటికి అతుక్కునేలా కొంచెం వంపు. పూర్వం కాలువల మీద పెత్తనం చేసిన ఏ తెల్లదొరో సారా పోసుకుని జేబులో పెట్టుకు తిరిగిన ఫ్లాస్కు. మార్తమ్మ గారు దాన్ని శుభ్రంగా తోమి, వాము నీళ్ళు పోసి, పరీక్షల డ్యూటీకి తెచ్చుకునేవారు. ఒకనాడు వారి లంక గుడి సంఘకాపరి ఆవిడను పలకరించడానికి వచ్చి, దాన్ని చూసి ఉలిక్కిపడ్డారు. "అమ్మా, ఇది సారా సీసా కదమ్మా!" అన్నారు. "అవునండి అయ్యగారూ. తాగినాయన పోయాడు, సారా పోయింది. పాపం సీసా ఏం చేసిందండీ? అది బాప్తిస్మం పుచ్చుకుని ఇప్పుడు వాము నీళ్ళే ముట్టుకుంటోంది," అన్నారావిడ. ఆ అయ్యగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ తరువాత ఆయనే, గుడిలో ఎప్పటిదో, కాడ విరిగిపోయి మూలపడి ఉన్న, ఆరాధనలో ద్రాక్షారసం అందించే ప్రభుబల్ల గిన్నెను సంఘపెద్దలతో మాట్లాడి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. దాన్ని అందుకున్నప్పుడు మాత్రం ఆవిడ నవ్వలేదు. "ఊరంతా ఒకే అంచు మీద పెదవి ఆనించిన గిన్నె అండీ ఇది. మా అమ్మకి చేతికందిన మొట్టమొదటి పాత్ర ఇదేనేమో," అని కళ్ళకద్దుకున్నారు.

కొల్లేటి మీద ఆవిడకున్న మమకారం మాటలకందనిది. ఆవిడ తమ్ముడు ఏసుపాదం ఇప్పటికీ ఆ లంకలోనే చేపల చెరువుల మీద పని చేసుకుని బతుకుతున్నాడు. ఒక శీతకాలంలో ఆవిడ నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళారు. పోలయ్య తాత అనే వృద్ధ జాలరి తన దోనె కొసకు ఎండిన ఆనపకాయ బుర్ర ఒకటి వేలాడదీసుకుని ఉండేవాడు. అందులో తాగే నీళ్ళు పోసుకునేవాడు. వాళ్ళ తాత నాటిదట. నునుపుదేలి, నల్లబడి, చెయ్యి పట్టే చోట లోతుగా అరిగి ఉంది. మార్తమ్మ గారు దానికేసి ఆశగా చూశారు. తాత గ్రహించాడు. "ఇప్పుడివ్వనండమ్మగారూ. నేను పోయాక తీసుకుందురు," అన్నాడు. "మీరు నిండు నూరేళ్ళూ ఉండాలి తాతా. నాకు తొందరేం లేదు," అన్నారావిడ. దోనెలో తిరిగి వస్తూ నీటిలోకి వేళ్ళు పెట్టి అన్నారు: "చిన్నప్పుడు మాకు దాహమేస్తే ఇలా వంగి ముంచుకుని తాగేసేవాళ్ళమండీ. ఇప్పుడు ఇక్కడి పిల్లలు టిన్ను నీళ్ళు కొనుక్కుని తాగుతున్నారు. నీళ్ళ నడుమ ఉండి నీళ్ళు కొనుక్కోవడం..." తాత కాలం చేశాక కొడుకులు ఆ బుర్రను గుడ్డలో చుట్టి ఏలూరు తెచ్చి ఇచ్చారు. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మనిషి పోయినంతగా ఏడ్చారు.

ఆవిడ భర్త దేవదానం గారు ఆర్టీసీలో కండక్టరు. మితభాషి. ద్వారకా తిరుమల రూటులో చాలా కాలం పనిచేశారు. కొండ కింద దుకాణాలలో, సత్రాలలో పాత చెంబో, పాత గ్లాసో కంటబడితే అడిగి తెచ్చేవారు. ఇతర భర్తలు మల్లెపూలు తెచ్చినట్టు ఆయన భార్యకు చెంబులు తెచ్చేవారు. డ్యూటీ దిగి వచ్చి, ఏమీ చెప్పకుండా టిక్కెట్ల సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళిపోయేవారట. ఆ దంపతులకు ఒక్కతే కూతురు. దీవెన.

ఇక్కడ నా కలం ఆగిపోతోంది. అయినా చెప్పక తప్పదు. ఆవిడ ఇంటికి వెళ్ళినవారందరూ ఆ అల్మరాలో ఒక వస్తువును చూసి ఆశ్చర్యపోయేవారు. రాగి, ఇత్తడి, గాజు, కంచు పాత్రల నడుమ, మధ్య అరలో, ఒక ఎర్రటి ప్లాస్టిక్ వాటర్ బాటిలు. దాని మీద బాతుబొమ్మ. మెడలో వేసుకోవడానికి తెల్లటి పట్టీ. "ఇదేంటండీ ఇక్కడ పెట్టారు?" అని ఎవరైనా అడిగితే, "అదీ పాతదేనండీ," అని ఊరుకునేవారు.

దీవెన మూడో తరగతి చదువుతుండగా ఒక సాయంత్రం బడి నుంచి వస్తూనే తలనొప్పి అని పడుకుంది. తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది. మెదడువాపు జ్వరమన్నారు. ఏలూరులో చూపించారు, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు. పిల్ల మళ్ళీ కళ్ళు తెరవలేదు. ఖననం అయి అందరం ఇంటికి వచ్చేసరికి, గోడకు కొట్టిన మేకుకు ఆ పిల్ల పుస్తకాల సంచీ, దాని పక్కన ఆ బాటిలు వేలాడుతున్నాయి. బాటిల్లో సగం నీళ్ళున్నాయి. బడికి పట్టుకెళ్ళి, సగం తాగి, సగం మిగిల్చి తెచ్చుకున్న నీళ్ళు. మార్తమ్మ గారు లేచి, దాన్ని మేకు మీంచి తీసి, అల్మరాలో తల్లి మరచెంబు పక్కన పెట్టారు. మూత తీయలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ తీయలేదు.

ఏళ్ళు గడిచాయి. దేవదానం గారు గుండెజబ్బుతో హఠాత్తుగా వెళ్ళిపోయారు. ఆవిడ పదవీ విరమణ చేశారు, నేనూ చేశాను. మూసిన మూత మూసినట్టే ఉన్నా, ఆ బాటిల్లో నీటిమట్టం కంటికి తెలియనంత నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. నేను వెళ్ళినప్పుడల్లా దానివైపు చూపు పోయేది. ఆవిడా చూస్తున్నారని నాకు తెలుసు. దాని గురించి మేమెన్నడూ మాట్లాడుకోలేదు. ఒక వేసవి మధ్యాహ్నం ఇద్దరం అల్మరా ఖాళీ చేసి దులుపుతున్నాము. నేను గ్లాసులు తుడుస్తున్నాను. "ఏవండీ, ఇలా చూడండి," అన్నారు. తిరిగి చూశాను. ఆ బాటిలును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. లోపల చుక్క లేదు. అడుగున తెల్లటి చార ఒకటి మిగిలింది. ఎన్నో కావ్యాలు పాఠం చెప్పిన దాన్ని, ఆ క్షణాన ఆ తల్లికి చెప్పడానికి నా దగ్గర ఒక్క అక్షరం లేకపోయింది.

ఆవిడే అన్నారు: "తాగేసిందండీ."

కాసేపటికి మళ్ళీ, "మొత్తం తాగేసింది. పిచ్చిపిల్ల, ఎప్పుడూ సగం మిగిల్చి తెచ్చేది," అని, అలాగే గోడకు జారి నేల మీద కూర్చుండిపోయారు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. చుట్టూ నేల నిండా చెంబులు, ముంతలు, కూజాలు. వాటి మధ్య ఆ బాటిలును గుండెకు హత్తుకుని, బిడ్డ పోయిన నాడు కూడా ఏడవనంత ఏడుపు ఆవిడ ఆ మధ్యాహ్నం ఏడ్చారు.

ఇన్ని దుఃఖాలు ఇచ్చిన విధి అక్కడితో ఆగిందా? లేదు. గత సంవత్సరం ఆవిడ కాళ్ళకు నీరు పట్టింది. పరీక్షలు చేసి మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయాయన్నారు. డయాలసిస్ మొదలైంది. దానితో నీళ్ళకు కట్టడి పెట్టారు. రోజు మొత్తానికి ప్రసన్న కొలిచి పోసే కాసిని నీళ్ళే. మందులు మింగడానికీ అవే, గొంతు తడుపుకోవడానికీ అవే. మనిషి దాహాన్ని గురించి జన్మంతా ఆలోచించిన ఆ సాధ్వికి దాహమే శిక్ష అయింది. నేనైతే దేవుణ్ణి నిలదీసేదాన్ని. ఆవిడ నిలదీయలేదు. ఆ కొద్దిపాటి నీళ్ళను రోజుకొక పాత్రలో పోయించుకోవడం మొదలుపెట్టారు. సాయంత్రం నేను ఫోను చేసి, "ఈవేళ ఎందులో తాగారండీ?" అని అడిగేదాన్ని. "ఈవేళ పోలయ్య తాత బుర్ర కడిగించుకున్నానండీ. రెండు గుక్కలే. కానీ దోనెలో కూర్చున్నట్టుంది," అనేవారు. మరొకనాడు, "ఉగ్గుగిన్నెతో తాగానండీ. పసిపిల్లనైపోయాను. చుక్క చుక్కగా వస్తాయి కదా, చాలాసేపు తాగినట్టనిపిస్తుంది," అని నవ్వేవారు.

ఎండలు ముదిరాక ఆ నవ్వు తగ్గిపోయింది. "గొంతులో ముళ్ళున్నట్టుందండీ," అన్నారు ఒకరోజు. తరువాత చాలా మెల్లగా, సిగ్గుపడుతున్నట్టుగా అడిగారు: "సుభద్ర గారూ, మీ దగ్గర మంచినీళ్ళున్నాయాండీ?"

"ఉన్నాయండి. కుండలో ఉన్నాయి."

"ఓ గ్లాసుడు తాగండి. నేను వింటాను."

నేను ఫోను పక్కన పెట్టుకుని కుండలోంచి నీళ్ళు ముంచుకున్నాను. ఒక్కొక్క గుక్కా కన్నీళ్ళతో కలిసి దిగింది. తాగడం అయ్యాక ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే, అవతల పెద్ద నిట్టూర్పు వినిపించింది. "ఆఁ... బావుందండీ," అన్నారు. ఆ తరువాత కూడా అడిగారు. అడిగిన ప్రతిసారీ తాగాను. నా జీవితంలో నేను చేసిన కఠినమైన పని అదే.

ఆవిడ వెళ్ళిపోవడానికి ముందురోజు నేను ఏలూరు వెళ్ళాను. ఇక డయాలసిస్ శరీరం తట్టుకోలేదని ఇంటికి పంపేశారు. నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి, చూడటానికి వచ్చిన డాక్టరు గారు వసారాలో ప్రసన్నతో మెల్లగా అంటున్నారు: "ఇక ఆవిడ అడిగినంత ఇవ్వండమ్మా." ఆ మాటకు అర్థం ప్రసన్నకు తెలిసింది, నాకూ తెలిసింది. ఇద్దరం కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాము.

"ఏవన్నారే డాక్టరు గారు?" అన్నారు మార్తమ్మ గారు.

"నీళ్ళు తాగొచ్చన్నారు పెద్దమ్మా. ఎన్ని కావాలంటే అన్ని," అంది ప్రసన్న.

ఆవిడ మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశారు. ఎండిపోయిన పెదవుల మీద మళ్ళీ ఆ పాత చిరునవ్వు కనిపించింది. "అలాగా. అయితే సిలబస్ అయిపోయిందన్న మాట," అన్నారు.

ప్రసన్న అల్మరా తలుపు తెరిచింది. "ఎందులో ఇమ్మంటావు పెద్దమ్మా? అమ్మమ్మ మరచెంబు తియ్యనా? కూజా కావాలా?"

"ఏదైనా పర్లేదే. సుభద్ర గారి చేత్తో ఇప్పించు."

నేను వంటింట్లోకి వెళ్ళాను. చేతికందిన స్టీలు గ్లాసు తీసుకుని కుండలోంచి నిండా ముంచి తెచ్చాను. తల కింద చెయ్యి వేసి లేవదీసి అందించాను. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆగకుండా మొత్తం తాగారు. "ఇంకొంచెం," అన్నారు. ఇంకొక గ్లాసు తెచ్చాను. అందులో సగం తాగి, కొంగుతో మూతి తుడుచుకున్నారు. "చల్లగా ఉన్నాయండీ," అన్నారు. నా చేతిని తన చేతిలోకి తీసుకుని కాసేపు ఉంచుకున్నారు. తరువాత, "పొద్దు వాలుతోంది, మీ రైలు టైమైపోతుంది. వెళ్ళండి," అన్నారు. నాతో ఆవిడ అన్న ఆఖరి మాట అదే. మర్నాడు తెల్లవారుజామున నిద్రలోనే ప్రాణం పోయిందట.

ఆవిడ కోరిక ప్రకారం సొంత ఊళ్ళో, తల్లి పక్కన, కూతురి పక్కన, భర్త పక్కన సమాధి చేశారు. ఆవిడ శిష్యులు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఆడపిల్లలు, మగపిల్లలు, తలలు నెరిసినవారు కూడా కొల్లేటి కట్ట మీద నిలబడి చిన్నపిల్లల్లా ఏడ్చారు. మట్టి వేసి తిరిగి వస్తుంటే ఏసుపాదం నా వెనకే వచ్చి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అడిగాడు: "అమ్మగారూ, మా అక్క చివరికి నీళ్ళు తాగిందాండీ? దాహంతో పోలేదు కదాండీ?"

"తాగింది నాయనా. గ్లాసు నిండా తాగింది. మళ్ళీ అడిగి తాగింది," అన్నాను.

అతను కట్ట మీద కూలబడిపోయాడు. "అంతే చాలండీ, అంతే చాలండీ," అంటూ కొల్లేటికేసి తిరిగి గుండెలవిసేలా ఏడ్చాడు.

మొన్న ఏలూరులో వారింట, పోయినవారి కుటుంబాన్ని ఓదార్చే ఆదరణ కూడిక జరిగింది. ప్రార్థన అయ్యాక, వచ్చినవారంతా వెళ్ళిపోయాక, ప్రసన్నా నేనూ అల్మరా ముందు కూర్చున్నాము. ఆ పాత్రలు మేము పనిచేసిన పాఠశాలకు వెళ్ళాలన్నది ఆవిడ మాట. బతికి ఉన్నప్పుడు ఎన్నోసార్లు చెప్పాను, ఏది ఎవరిదో చిన్న చీటీ రాసి అంటించమని. ఒప్పుకునేవారు కారు. "చీటీ ఉంటే చీటీ చదువుకుని వెళ్ళిపోతారండీ. లేకపోతే ఆగి అడుగుతారు. నేను చెబుతాను కదా," అనేవారు. చరిత్ర అంటే సింహాసనాలు కావని, తాగి పక్కన పెట్టిన గ్లాసు అని నాకు నేర్పిన గురువు ఆవిడ. వయసులో నాకంటే చిన్నవారైనా చేతులెత్తి నమస్కరిస్తున్నాను. తెలుగునాట పండితులకు కొదవ లేదు, సేకర్తలకూ కొదవ లేదు. ఒక సొట్టల చెంబును చేతిలోకి తీసుకుని, దానితో దాహం తీర్చుకున్న మనిషిని మన ముందు నిలబెట్టగల ఆ కంఠం మాత్రం మట్టిలో కలిసిపోయింది. దాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

ప్రసన్న ఒక్కొక్క పాత్రా తీసి పాత చీరలలో చుడుతోంది. తెలిసినవాటి కథలు నేను చెబుతున్నాను. అడుగు అరలో, వెనక మూల నుంచి ఒక చిన్న కంచు ముంత బయటికి వచ్చింది. నేనెప్పుడూ చూడలేదు దాన్ని. మూతి దగ్గర చిట్లి, ఎవరో శ్రద్ధగా అతుకు వేయించారు. మెడకు వెలిసిపోయిన పసుపుదారం ఇంకా చుట్టి ఉంది.

"ఇది ఎవరిదండీ పిన్నిగారూ?" అంది ప్రసన్న.

దాన్ని చేతిలోకి తీసుకున్నాను. అటూ ఇటూ తిప్పి చూశాను. అంచు వేలితో తడిమాను. ఎంత తడిమినా అది నాకేమీ చెప్పలేదు.

"తెలియదమ్మా," అన్నాను. "మీ పెద్దమ్మకే తెలుసు."